యమహా డీటీ-1కు పొడవైన వెనక షాక్‌లు: ఎంతవరకు వెళ్లవచ్చు?

హాలిస్టర్ దారి (శాన్ హోసే)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 1969 నాటి యమహా డీటీ-1 ఉంది. 246 సీసీ రెండు స్ట్రోకుల ఇంజను, ముందు 19, వెనక 18 అంగుళాల చక్రాలు. రెండేళ్లుగా వారాంతాల్లో కూర్చుని ఇంజను, కార్బురేటర్, వైరింగ్ అన్నీ సరిచేసుకున్నాను. కాలిఫోర్నియాలోని హాలిస్టర్ హిల్స్ మట్టిదారుల్లో నెలకు ఒకటి రెండుసార్లు నడుపుతాను. వచ్చే ఏడాది పాతబండ్ల మోటోక్రాస్ పోటీలో ఒక్కసారైనా పాల్గొనాలని కోరిక.

వెనక షాక్‌లు (కుదుపును తట్టుకునే స్ప్రింగు, నూనె గొట్టాల జత) నూనె కారి పూర్తిగా చచ్చిపోయాయి. ఇవి కంపెనీ వేసినవి కావు, ముందు యజమాని ఎప్పుడో మార్చినవి. కన్ను నుంచి కన్నుకు, అంటే పై బోల్టు రంధ్రం నుంచి కింది బోల్టు రంధ్రానికి, 325 మి.మీ. ఉన్నాయి. గుంతల్లో వెనక భాగం అడుక్కి తగులుతోంది, దిగువ ఫ్రేము రాళ్లకు రాసుకుంటోంది. అందుకే 360 మి.మీ. పొడవున్న కొత్త జత కొందామనుకుంటున్నాను. బోల్టులు సరిపోతే చాలు, బండి ఎత్తు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది అన్నది నా ఆలోచన. ఇంత పొడవు పెంచితే ఇబ్బంది ఏమైనా ఉంటుందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

ఎర్రమట్టి (హైదరాబాదు)

హాలిస్టర్ దారి గారూ, మీరు చేయబోయే పనిని నేను పన్నెండేళ్ల క్రితం నా యెజ్డీ మీద చేశాను, అందుకే వెంటనే రాస్తున్నాను. కొత్త షాక్‌లు కొనే స్తోమత లేక, ఉన్నవాటి కింది కన్నుకు పొడిగింపు ముక్కలు చేయించి బిగించాను. వికారాబాదు వైపు మట్టిరోడ్ల మీద నడపాలని ఉత్సాహం. వెనక భాగం ఒక అంగుళంన్నర లేచింది, చూడడానికి అచ్చం మోటోక్రాస్ బండిలా కనిపించింది.

మొదటి రోజే మూడు సంగతులు తెలిశాయి. వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే స్వింగ్ ఆర్మ్ పైభాగాన్ని, అది ఊగే కీలు అయిన పివట్ దగ్గర, చైను కోయడం మొదలుపెట్టింది. సైడ్ స్టాండ్ పొట్టిదై బండి మరీ వంగిపోయి ఒకసారి పడిపోయింది. అన్నిటికంటే బాధించినది ఏమిటంటే, గుంతల్లో కుదుపు ఏమాత్రం తగ్గలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ కారణం తేలికైనదే. ముక్క కలిపితే షాక్ పొడవు పెరిగింది, అది నొక్కుకునే దూరం మాత్రం పెరగలేదు. పైగా ఆ ముక్కల దగ్గర పక్కబలం పడి ఒక బోల్టు వంగింది. దయచేసి పొడిగింపు ముక్కల జోలికి మాత్రం వెళ్లకండి.

త్రికోణమితి (హ్యూస్టన్)

ఎర్రమట్టి గారు చెప్పినదే ఈ చర్చకు మూలం కాబట్టి దాన్ని కాస్త విడమరిచి రాస్తాను.

షాక్‌కు మూడు కొలతలు ఉంటాయి: పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా నొక్కుకున్నప్పటి పొడవు, ఈ రెంటి మధ్య తేడా అయిన స్ట్రోకు. దుకాణాల్లో మనకు మొదటిదే చెబుతారు. మీ బండికి గుంతలో కావలసినది స్ట్రోకు. టైరు మడ్‌గార్డుకు తగులుతుందా లేదా అన్నది తేల్చేది నొక్కుకున్నప్పటి పొడవు. సాగిన పొడవు తేల్చేది బండి గాలిలోకి లేచినప్పుడు చక్రం ఎంత కిందికి వేలాడుతుందన్నది మాత్రమే.

కాబట్టి ముందుగా నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయండి. స్వింగ్ ఆర్మ్ పివట్ నుంచి వెనక ఇరుసుకు దూరం, పివట్ నుంచి షాక్ కింది బోల్టుకు దూరం, షాక్ ఎంత వాలుగా ఉందన్నది, పాత షాక్ స్ట్రోకు. స్ట్రోకు కొలవాలంటే స్ప్రింగు విప్పి, లోపలి రబ్బరు బంపు దాకా చేత్తో నొక్కి చూడాలి. స్ప్రింగు విప్పేటప్పుడు దాన్ని నొక్కిపట్టే సరైన కంప్రెసర్ వాడండి, తాడు కట్టి విప్పే ప్రయత్నం వద్దు.

హాలిస్టర్ దారి

త్రికోణమితి గారూ, ధన్యవాదాలు. నిన్న రాత్రి గ్యారేజీలో కూర్చుని కొలిచాను. పివట్ నుంచి ఇరుసుకు 430 మి.మీ., పివట్ నుంచి కింది బోల్టుకు 380 మి.మీ. షాక్ వాలు స్వింగ్ ఆర్మ్‌కు లంబంగా ఉండవలసిన గీత నుంచి దాదాపు 20 డిగ్రీలు. స్ట్రోకు 75 మి.మీ. చక్రాల మధ్య దూరం 1360 మి.మీ. కొనాలనుకున్న 360 మి.మీ. జత స్ట్రోకు 90 అని అమ్మేవారు చెప్పారు. గేరు వేసుకున్నాక నా బరువు 80 కిలోలు.

త్రికోణమితి (హ్యూస్టన్)

చాలా చక్కగా కొలిచారు. ఇక లెక్క చూద్దాం.

430ని 380తో భాగిస్తే 1.13. షాక్ వాలును కలుపుకుంటే ఈ నిష్పత్తి సుమారు 1.2 అవుతుంది. అంటే షాక్ 10 మి.మీ. నొక్కుకుంటే చక్రం 12 మి.మీ. పైకి కదులుతుంది. ఇప్పుడు మీ చక్రం కదలిక 75ను 1.2తో గుణిస్తే వచ్చే 90 మి.మీ.

కొత్త జత పాతదానికంటే 35 మి.మీ. పొడవు కాబట్టి బండి గాలిలో ఉన్నప్పుడు ఇరుసు 42 మి.మీ. కిందికి దిగుతుంది. స్ట్రోకు 15 మాత్రమే పెరుగుతోంది. అంటే పెంచుతున్న 35లో 20 మి.మీ. వట్టి ఎత్తే, మెత్తదనానికి దానివల్ల ప్రయోజనం లేదు. నొక్కుకున్న పొడవు 250 నుంచి 270కి పెరుగుతుంది కనుక టైరు మడ్‌గార్డుకు తగలదు, అదొక్కటే ఊరట.

వెనక 42 మి.మీ. లేస్తే బండి మొత్తం ముందుకు 1.8 డిగ్రీల దాకా వాలుతుంది, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు అంత నిటారుగా మారుతుంది. ఫోర్కు వాలు 30 డిగ్రీల ప్రాంతంలో ఉందనుకుంటే, ముందు టైరు నేలను తాకే చోటుకూ హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటుకూ మధ్య ఉండే ట్రెయిల్ దాదాపు 12 మి.మీ. తగ్గుతుంది. ట్రెయిల్ తగ్గితే బండి మలుపులో చురుగ్గా తిరుగుతుంది, కానీ ఇసుకలోనూ వేగంగా దిగే వాలులోనూ హ్యాండిల్ అటూఇటూ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మీరు కూర్చున్నాక స్ప్రింగు కొంత దిగుతుంది కాబట్టి అసలు తేడా కొద్దిగా తక్కువగా ఉండవచ్చు. అయినా 12 మి.మీ. చిన్న మార్పు కాదు.

శ్రావణి (ఫీనిక్స్)

నేను అరిజోనాలో పాతబండ్ల పోటీల్లో పాల్గొంటాను. హాలిస్టర్ దారి గారు పోటీ గురించి రాశారు కాబట్టి ఒక్క విషయం గుర్తుచేయాలి. అమెరికాలో ఈ పోటీలు నడిపే ఆర్మా సంస్థ వింటేజ్ తరగతుల్లో ముందు చక్రం కదలిక 7 అంగుళాలకు, వెనక చక్రం కదలిక 4 అంగుళాలకు మించరాదని నియమం పెట్టింది. 4 అంగుళాలంటే 101.6 మి.మీ. త్రికోణమితి గారి లెక్క ప్రకారం 90 మి.మీ. స్ట్రోకును 1.2తో గుణిస్తే 108 మి.మీ. అవుతుంది. అంటే మీరు ఆ షాక్‌లతో వస్తే తనిఖీలోనే బండిని పక్కన పెట్టవచ్చు. లోపల స్ట్రోకును ఆపే ముక్క వేయించుకుంటే నిబంధనలో ఇమడవచ్చు, కానీ అప్పుడు ఆ షాక్‌లు కొన్న లాభమేమిటి? పోటీకి పేరు ఇచ్చేముందు ఆ ఏటి నియమావళిని తప్పకుండా చదువుకోండి.

ఇంకో మాట. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. వెనక భాగం అంగుళంన్నర పెంచిన బండి మీద, రాళ్ల వాలులో ఆగి కాలు దించవలసి వచ్చినప్పుడు నేల అందక పడిపోయాను. మీ ఎత్తు ఎంతో నాకు తెలియదు. కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగాలైనా నేలకు ఆనాలి, అది చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.

ద్విచక్ర చరిత్ర (బెంగళూరు)

శ్రావణి గారు చెప్పిన 4 అంగుళాల గీత ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే ఈ ప్రశ్నకు కొంత వెలుగు వస్తుంది.

డీటీ-1 1968లో వచ్చిన కాలానికి మట్టిబండ్లన్నిటికీ వెనక కదలిక దాదాపు అంతే. ఆ పరిమితిని అందరూ ప్రకృతి ధర్మంలా భావించారు. బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ రూపొందించిన ఒంటి షాక్ అమరికను యమహా తీసుకుంది, దానితో స్వీడన్ ఆటగాడు హకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ ప్రపంచ మోటోక్రాస్ టైటిల్ గెలిచాడు. మిగతా కంపెనీలకు కాళ్ల కింద నేల కదిలింది. పశ్చిమ జర్మనీ మైకో సంస్థ 1974 మధ్యలో రెండు షాక్‌లనూ ముందుకు జరిపి వాల్చి బిగించింది. 1975లో యమహా ఒంటి షాక్ బండి వైజడ్ 250 దుకాణాల్లోకి వచ్చింది. 1976లో కెంట్ హోవర్టన్ ఫాక్స్ గాలి షాక్‌లున్న హస్క్వర్నా మీద అమెరికా 500 సీసీ టైటిల్ గెలిచాడు కాబట్టి రెండు షాక్‌ల పని అంతటితో అయిపోలేదన్నది కూడా నిజం. రెండు మూడేళ్లలో వెనక కదలిక రెట్టింపు అయింది. అందుకే వింటేజ్ తరగతి గీతను 1974 దగ్గర గీశారు.

ఆ మూడేళ్లలో ఎందరో సొంత గ్యారేజీల్లో షాక్ పైబోల్టును, కిందిబోల్టును ముందుకు జరిపి వెల్డింగు చేసుకున్నారు. మీకు కూడా ఎవరో ఒకరు ఆ సలహా ఇస్తారు. అది పనిచేసే పద్ధతే, కానీ కింది బోల్టు పివట్ వైపు జరిగినకొద్దీ అదే చక్రపు దెబ్బకు షాక్ మీద, స్వింగ్ ఆర్మ్ మధ్యభాగం మీద పడే బలం పెరిగిపోతుంది. ఆనాటి గొట్టపు స్వింగ్ ఆర్మ్‌లు ఎన్నో ఆ చోటే వంగాయి. యాభై ఏళ్లు దాటిన మీ ఫ్రేముకు ఆ భారం పెట్టవద్దని నా మనవి.

లేతు మాస్టారు (విజయవాడ ఆటోనగర్)

అందరూ మంచి మాటలు చెప్పారు. నేను లెక్కల మనిషిని కాను, నలభై ఏళ్లుగా లేతు మీద నిలబడినవాణ్ణి. బిగించే పని ఎలా చేయాలో మాత్రం చెబుతాను.

బాబూ, కొత్త షాక్ చేతికి రాగానే బిగించకండి. ముందు స్ప్రింగులు తీసేసి, ఒట్టి డంపర్లను (నూనె గొట్టాలను) బండికి తగిలించండి. బండిని కడుపు కింద స్టాండు మీద నిలబెట్టి, చక్రాన్ని కింద నుంచి జాకీతో మెల్లగా పైకి లేపండి. రబ్బరు బంపు పూర్తిగా నలిగేదాకా లేపి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య, టైరుకూ ఫ్రేముకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. గుబ్బల టైరు వేగంలో కొంత ఉబ్బుతుంది, మట్టి పట్టుకుంటుంది కాబట్టి కనీసం రెండు వేళ్ల మందం ఖాళీ ఉండాలి. సైలెన్సరు గొట్టానికి స్ప్రింగు తగులుతుందేమో అప్పుడే చూసుకోండి. డంపరు సన్నగా ఉంటుంది, స్ప్రింగు వెడల్పు ఎక్కువ, ఆ తేడా మరిచిపోయి మోసపోయినవాళ్లను చూశాను.

తర్వాత చైను. ముందు స్ప్రాకెట్ కేంద్రం, పివట్, ఇరుసు ఈ మూడూ ఒక గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. జాకీతో చక్రాన్ని సరిగ్గా ఆ చోటికి తెచ్చి, అక్కడ చైనులో కొద్దిపాటి వదులు ఉండేట్టు పెట్టండి. చక్రం వేలాడుతున్నప్పుడు చూసి బిగిస్తే, మీరు కూర్చుని గుంతలో పడినప్పుడు చైను తెగవచ్చు, లేదా గేరుబాక్సు షాఫ్టు బేరింగు పోతుంది. పొడవైన షాక్‌లు వేసిన బండిలో చక్రం వేలాడినప్పుడు చైను మామూలుకంటే వదులుగా కనిపిస్తుంది, చూసి కంగారుపడకండి.

స్వింగ్ ఆర్మ్ పివట్ దగ్గర పైన ఒక రబ్బరు లేదా నైలాన్ దిమ్మ ఉండాలి. ఎర్రమట్టి గారి బండిలో చైను కోసినది ఆ చోటే. బోల్టుల విషయం: కొత్త షాక్ కంటిలోని ఇనుప బుష్షు లోపలి వ్యాసం, మీ బోల్టు వ్యాసం కాలిపర్‌తో కొలవండి. అర మిల్లీమీటరు ఆడితే రెండు నెలల్లో రంధ్రం గుడ్డులా మారుతుంది. బుష్షు పెద్దదైతే లోపల తొడిగే స్లీవు లేతు మీద చేయించుకోండి, వాషర్లతో సర్దుకోవద్దు. షాక్‌లు ఎలాగూ విప్పారు కాబట్టి ఇరుసును పట్టుకుని పక్కలకు ఊపి చూడండి, కదిలితే స్వింగ్ ఆర్మ్ బుష్షులను ముందు మార్చండి.

వెనక బ్రేకు. పెడలు ఇరుసు స్వింగ్ ఆర్మ్ పివట్ దగ్గర లేదు కనుక, చక్రం దిగినకొద్దీ బ్రేకు రాడ్డు బిగుసుకోవడమో వదులవడమో జరుగుతుంది. చక్రం పూర్తిగా కింద, మీరు కూర్చున్నప్పుడు, పూర్తిగా పైన, ఈ మూడు చోట్లా పెడలు నొక్కి చూడండి. ఒక్కచోట కూడా డ్రమ్ము రాసుకోకూడదు.

త్రికోణమితి (హ్యూస్టన్)

మాస్టారు గారూ, చైను గురించి మీరు రాసినదానికి అంకెలు జోడిస్తున్నాను. ముందు స్ప్రాకెట్ కేంద్రం పివట్‌కు 70 మి.మీ. ముందు ఉందనుకుందాం. ఒకే గీతలో ఉన్నప్పుడు స్ప్రాకెట్ నుంచి ఇరుసుకు దూరం 500 మి.మీ. స్వింగ్ ఆర్మ్ ఆ గీత నుంచి 20 డిగ్రీలు కిందికి దిగితే ఆ దూరం సుమారు 496, 25 డిగ్రీలు దిగితే 494 అవుతుంది. నాలుగైదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ చైను మధ్యలో వేలాడే వదులు రూపంలో అది బాగా పెద్దదిగా కనిపిస్తుంది. మాస్టారు గారు లెక్కల మనిషిని కానన్నారు గానీ ఆయన చెప్పిన ప్రతి మాటా లెక్కకు సరిగ్గా సరిపోయింది.

ఇక నా సూచన. 340 మి.మీ. పొడవు, 82 మి.మీ. స్ట్రోకు ఉన్న జత వెతకండి. నొక్కుకున్న పొడవు 258 అవుతుంది, పాతదానికంటే 8 మాత్రమే ఎక్కువ. చక్రం కదలిక 98 మి.మీ., అంటే 4 అంగుళాల గీతకు లోపల. వెనక భాగం గరిష్ఠంగా 18 మి.మీ. లేస్తుంది, ఫోర్కు ముప్పావు డిగ్రీ నిటారవుతుంది, ట్రెయిల్ 5 మి.మీ. తగ్గుతుంది. ఇది చేతికి తెలిసే మార్పే, భయపెట్టే మార్పు మాత్రం కాదు.

స్ప్రింగు గట్టిదనం మరిచిపోకండి. మీ బరువులో, బండి బరువులో కలిపి వెనక చక్రం మీద స్ప్రింగులు మోసేది సుమారు 100 కిలోలు అనుకున్నాను. మీరు కూర్చున్నప్పుడు వెనక భాగం 30 మి.మీ. దిగాలి, అంటే మొత్తం కదలికలో మూడో వంతుకు కాస్త తక్కువ. స్ప్రింగును బిగించేటప్పుడే 12 మి.మీ. నొక్కి ఉంచితే (దీన్నే బిగువు అంటున్నాను) ఒక్కో స్ప్రింగు మిల్లీమీటరుకు 1.6 కిలోలు ఉండాలి. ఖాళీ బండి కూడా ఐదారు మిల్లీమీటర్లు దిగాలి. ఖాళీ బండి అసలు దిగకపోతే స్ప్రింగు మెత్తనిదై, దాన్ని బలవంతంగా బిగించారని అర్థం. అలాంటప్పుడు బిగువు ఇంకా పెంచడం మందు కాదు, స్ప్రింగే మార్చాలి.

శ్రావణి (ఫీనిక్స్)

రెండు గొట్టాల రకం షాక్‌లు అయితే బిగించే ముందు నిలువుగా పట్టుకుని పదిసార్లు నెమ్మదిగా నొక్కి వదలండి. పెట్టెలో పడుకుని వచ్చినప్పుడు గాలి నూనెలోకి చేరుతుంది, అది పైకి పోయేదాకా డంపింగు ఉండదు. వాటిని తలకిందులుగా కూడా బిగించకూడదు.

హాలిస్టర్ దారి

అందరికీ నెల రోజుల తర్వాత రాస్తున్నాను. 360 ఆలోచన వదిలేసి 340 మి.మీ., 82 స్ట్రోకు జతను చేయించుకున్నాను. స్ప్రింగులు త్రికోణమితి గారు చెప్పిన 1.6 రకమే.

మాస్టారు గారు చెప్పినట్టు స్ప్రింగులు లేకుండా బిగించి చక్రాన్ని లేపి చూశాను. మడ్‌గార్డు దగ్గర ఖాళీ బాగానే ఉంది, కానీ ఎడమ వైపు స్ప్రింగు చైను గార్డుకు దాదాపు ఆనుకుంది. గార్డు కింద 4 మి.మీ. వాషరు కాకుండా, కొలిచి కోయించిన అల్యూమినియం ముక్క వేశాను. చక్రం కదలికను స్కేలు పెట్టి కొలిస్తే 97 మి.మీ. వచ్చింది. చైను బిగువును మూడు కేంద్రాలు ఒక గీతలో ఉన్నప్పుడు సరిచేశాను. ఇన్నాళ్లూ నేను తప్పుగా బిగిస్తున్నానని ఆ రోజు తెలిసింది, షాక్ మార్చకముందే బేరింగు పోకపోవడం నా అదృష్టం. చక్రం పూర్తిగా కిందికి దిగినప్పుడు వెనక బ్రేకు కొంచెం రాసుకుంది, రాడ్డు నట్టు రెండు చుట్లు వదులు చేస్తే పోయింది. సైడ్ స్టాండు పాదం కింద 15 మి.మీ. మందం పలక వెల్డింగు చేయించాను.

కూర్చున్నప్పుడు 32 మి.మీ. దిగుతోంది, ఖాళీగా 6. పోయిన ఆదివారం హాలిస్టర్ హిల్స్‌లో నడిపాను. మునుపు అడుక్కి తగిలే గుంతల్లో ఇప్పుడు తగలడం లేదు. ఇరుకు మలుపుల్లో బండి తనంతట తాను తిరుగుతున్నట్టుంది. అయితే పొడవైన వాలు ఒకటి వేగంగా దిగుతున్నప్పుడు హ్యాండిల్ రెండుసార్లు కొట్టుకుంది. ఇది ట్రెయిల్ తగ్గడం వల్లేనా?

త్రికోణమితి (హ్యూస్టన్)

అదే కావచ్చు, కానీ ముందు ఫోర్కును చూడండి. వెనక కొత్త గట్టి స్ప్రింగులు వచ్చాయి, ముందు యాభై ఏళ్ల నాటి స్ప్రింగులు అలాగే ఉన్నాయి. మీరు కూర్చున్నప్పుడు ముందు భాగం ఎంత దిగుతోంది?

హాలిస్టర్ దారి

జిప్ టై కట్టి కొలిచాను. 62 మి.మీ. దిగుతోంది.

త్రికోణమితి (హ్యూస్టన్)

అది ఎక్కువ. వాలు దిగేటప్పుడు బరువు ముందుకు వచ్చి ఇంకా దిగుతుంది, అప్పుడు ఫోర్కు మరింత నిటారవుతుంది. రెండు ఫోర్కు స్ప్రింగుల మీదా సమానంగా 15 మి.మీ. గొట్టపు స్పేసర్లు పెట్టి మళ్లీ కొలవండి. ఫోర్కు నూనె కూడా మార్చండి, రెండు కాళ్లలో సరిసమానంగా పోయాలి. హ్యాండిల్ తిరిగే చోట ఉండే తలబేరింగులో ఆట (వదులు) ఉందేమో చూసుకోకుండా మళ్లీ వేగంగా దిగకండి.

హాలిస్టర్ దారి

స్పేసర్లు పెట్టాను, నూనె మార్చాను. ఇప్పుడు ముందు 47 మి.మీ. దిగుతోంది. తలబేరింగులో కొంచెం ఆట ఉంటే బిగించాను. నిన్న అదే వాలును మూడుసార్లు దిగాను, మూడోసారి ఇంకాస్త వేగంగా. హ్యాండిల్ కదల్లేదు.

లేతు మాస్టారు గారూ, చైను దిమ్మ మీద ఒక్క రోజులోనే సన్నని గాడి పడింది. ఇది మామూలేనా?

లేతు మాస్టారు (విజయవాడ ఆటోనగర్)

కొత్త నైలాన్ మీద మొదట ఒక మిల్లీమీటరు గాడి వేగంగా పడి, తర్వాత నిదానిస్తుంది. నాలుగైదు సార్లు నడిపాక మళ్లీ కొలిచి చెప్పండి. సగం మందం దాటితే మాత్రం చైను కింది పరుగు కూడా ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడాలి. ఫోటో పెట్టండి బాబూ, చూసి చెబుతాను.